295 పెట్టి హాల్లో చూడాలా, ఇంట్లో చాలా: బలగం నుంచి కోర్ట్ దాకా

మ్యాట్నీ_షో:
ఈ మధ్య వచ్చినవాటిలో ఏడు సినిమాలు, ఏడు రకాలు. నా లెక్క ఒక్కటే. తెలంగాణలో మల్టీప్లెక్స్ టికెట్ 250, పన్నుతో 295. అది పెట్టదగ్గ సినిమానా, ఓటీటీలోకి వచ్చేదాకా ఆగొచ్చా?

కల్కి 2898 ఏడీ (2024): హాలే. మొదటి గంట సాగదీశారు, కామెడీ పండలేదు. కానీ అశ్వత్థామగా అమితాబ్ లేచి నిలబడినప్పటి ఆ ఎత్తు టీవీలో రాదు.
విరూపాక్ష (2023): హాలే. ఊరికి అష్టదిగ్బంధనం వేశాక ఆ భయం చీకట్లో కూర్చుంటేనే పడుతుంది.
సంక్రాంతికి వస్తున్నాం (2025): హాలే. కథ పలచన, కానీ వెంకటేశ్ భార్యకీ మాజీ ప్రేయసికీ మధ్య నలిగిపోతుంటే హాలంతా నవ్వుతుంది, దాంతో మనకూ నవ్వొస్తుంది.
లక్కీ భాస్కర్ (2024): ఇల్లు. బ్యాంకు రసీదుల గొడవ ఆపి, వెనక్కి తిప్పి చూసుకోవాలి.
35 చిన్న కథ కాదు (2024), కోర్ట్ (2025), బలగం (2023): మూడూ ఇల్లే. గదులు, మాటలు, మొహాలు. పెద్ద తెర మీద అదనంగా వచ్చేదేమీ లేదు.

రెండో_ఆట:
చివరి నాలుగింటి దగ్గరా తప్పు చెప్పారు. లక్కీ భాస్కర్‌లో వెనక్కి తిప్పి చూసుకోవాల్సిన చిక్కు ఏముంది? ఒక బ్యాంకు దగ్గర సెక్యూరిటీలు, అంటే ప్రభుత్వ బాండ్లలాంటి కాగితాలు, ఉంటాయి. అమ్మినప్పుడు కాగితాలు చేతులు మారడానికి టైం పడుతుంది కాబట్టి, ‘ఇవి మీవే’ అని రసీదు రాసిస్తుంది. వెనకాల సెక్యూరిటీలే లేకుండా రసీదు రాస్తే? దాని మీద ఇంకో బ్యాంకు డబ్బిస్తుంది, ఆ డబ్బు షేర్ మార్కెట్‌కి పోతుంది. 1992లో బొంబాయిలో బయటపడింది ఇదే. భాస్కర్ మన మొహంలోకి చూసి ఇదంతా చెబుతూ పోతాడు. మనం కూడా అతని దూకుడులో కొట్టుకుపోవాలి, తప్పు చేస్తున్నాడని తెలిసీ గెలవాలని కోరుకోవాలి. మధ్యలో ఆపితే ఆ మత్తు దిగిపోతుంది.

వాయిదా:
కోర్ట్ గురించి ఒక్క మాట. అందులో కేసు పోక్సో కింద, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. దాని సెక్షన్ 33(2) ప్రకారం లాయర్లు పిల్లను నేరుగా ప్రశ్నించకూడదు. ప్రశ్న జడ్జికి ఇవ్వాలి, జడ్జి అడగాలి. సెక్షన్ 36 ప్రకారం సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు ఆ పిల్లకు ఎదురుపడకూడదు. సెక్షన్ 37 ప్రకారం విచారణ తలుపులు మూసి జరగాలి. కోర్టు హాలు నిండా జనం కూర్చుని చూడటం సినిమాల్లోనే.

ఫేడర్_7:
హాలు, హాలు అంటున్నారు, ఏ హాలు? హాల్లో సౌండ్‌ని నడిపే డాల్బీ ప్రాసెసర్ మీద వాల్యూమ్ 7 దగ్గర ఉంటే మిక్సింగ్‌లో పెట్టిన సౌండ్ ఉన్నదున్నట్టు వస్తుంది. యాడ్లు చెవులు బద్దలు చేస్తున్నాయని జనం గోల చేస్తే ఆపరేటర్ 5కి దించుతాడు, సినిమా మొదలయ్యాక పెంచడు. ఫైట్లు బాగానే వినిపిస్తాయి, గుసగుసలు పోతాయి. అలాంటి హాల్లో విరూపాక్ష సగం చచ్చిపోతుంది.
కల్కిని 3డీలో చూసినవాళ్ళకు ఇంకో దెబ్బ. 2డీకి తెర మీద వెలుగు 14 ఫుట్-లాంబర్ట్‌లు (వెలుగును కొలిచే యూనిట్) ఉండాలి. 3డీలో ఫిల్టరూ కళ్ళజోడూ మింగేశాక నాలుగో ఐదో మిగులుతాయి. ఆ కాశీ దుమ్ము రంగంతా బురదలా కనబడిందంటే తప్పు కెమెరామన్‌ది కాదు.

మ్యాట్నీ_షో:
ఫేడర్ గారూ, మీరు హాలు గురించి చెబుతున్నారు, నేను సినిమా గురించి అడిగాను. ఆ రెండు కలిపితే నా వాదనే బలపడుతుంది. సౌండ్ సరిగ్గా పెట్టని హాల్లో గంటల తరబడి మాటలే ఉన్న కోర్ట్ చూడటం ఎందుకు? ఇంట్లో ప్రతి మాటా వినిపిస్తుంది.

ఫేడర్_7:
వినిపించదు. టీవీ స్పీకర్ల మీద 5.1 ఆడియో (ఆరు స్పీకర్ల కోసం చేసింది) ఎంచుకుంటే చాలాసార్లు మాట లోపలికి పోయి మ్యూజిక్ మీదికొస్తుంది. స్టీరియో పెట్టుకోండి. పిక్చర్ మోడ్ ‘సినిమా’కి మార్చి, కదలికలను నున్నగా చేసే సెట్టింగ్ ఆపండి. అది ఆన్‌లో ఉంటే ఏ సినిమా అయినా సీరియల్‌లా ఉంటుంది.

రెండో_ఆట:
కోర్ట్‌లో శివాజీ అమ్మాయి బంధువు మంగపతిగా గొంతు ఎత్తినప్పుడు హాలంతా ఆయన్ని అసహ్యించుకుంది, పక్క వరుసల్లో గొణుగుడు వినిపించింది. ఇంట్లో ఆ సీన్లో ఫోన్ చూసుకుంటారు. సంక్రాంతికి వస్తున్నాంకి జనం కావాలన్నారు కదా, నవ్వుకు కావాల్సిన జనం కోపానికి అక్కర్లేదా?

వాయిదా:
సెక్షన్ 33(2) సంగతి ఎవరూ పట్టించుకోలేదు. జనం దీన్ని చూసి కోర్టు ఇలాగే ఉంటుందనుకుంటే, రేపు నిజంగా కేసున్న పిల్ల సాక్ష్యానికి రావడానికే భయపడుతుంది.

రెండో_ఆట:
వాయిదా గారూ, మీరు చెప్పింది నిజమే, భయం సంగతి కూడా. కానీ ఆ సినిమా పట్టుకున్నది వేరే ముడి. పద్దెనిమిది నిండని అమ్మాయి ఇష్టపడినా చట్టం దృష్టిలో ఆ ఇష్టానికి విలువ లేదు. పైగా సెక్షన్ 29 ప్రకారం తను చేయలేదని అబ్బాయే నిరూపించుకోవాలి. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, లాయర్‌కి డబ్బుల్లేని ఇల్లు. దీన్ని ‘గదులు, మాటలు’ అని తీసిపారేశారు మ్యాట్నీ గారు.

మ్యాట్నీ_షో:
తీసిపారేయలేదు. ఇంట్లో చూడమన్నాను.

రెండో_ఆట:
రెండూ ఒకటే! అందరూ ‘నాలుగు వారాలు ఆగుదాం’ అంటే ఏమవుతుందో తెలుసా? శుక్రవారం రోజుకు నాలుగు ఆటలు ఇస్తారు. శని, ఆదివారాలు సగం నిండకపోతే సోమవారానికి పొద్దుటి ఆట ఒక్కటి మిగులుతుంది, ఉద్యోగస్తుడు వెళ్ళలేని టైముకి. గురువారానికి అదీ ఉండదు. 35లో బడిపిల్లాడు అరుణ్ అడుగుతాడు, సున్నాకి విలువ లేదన్నప్పుడు ఒకటి పక్కన పెడితే తొమ్మిది కన్నా పెద్దది ఎలా అవుతుందని. అంత మంచి ప్రశ్న మీద నిలబడ్డ సినిమాకి మీలాంటి సినిమా పిచ్చి ఉన్నవాళ్ళే వెళ్ళకపోతే ఇంకెవరు వెళ్తారు?

మ్యాట్నీ_షో:
నన్ను దోషిని చేయకండి. నలుగురికి 295 చొప్పున 1180. పాప్‌కార్న్ వేరు. కల్కికి రేటు పెంచుకోనిచ్చారు, టికెట్ 413 అయింది. పుష్ప 2 ప్రీమియర్‌కి తెలంగాణలో టికెట్ మీద ఏకంగా 800 పెంచుకోమన్నారు. నెల జీతంలో సినిమాకు తీసేది ఇంతే అని ఉంటుంది. అదంతా పెద్ద సినిమాలే ఊడ్చుకుపోయాక 35కి ఏం మిగులుతుంది? లక్కీ భాస్కర్ అక్టోబర్ 31న రిలీజై నవంబర్ 28కి నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. కోర్ట్ మార్చి 14న వచ్చి ఏప్రిల్ 11కి ఉంది. నిర్మాతలే నాలుగు వారాలకు అమ్ముకున్నారు, ఆగినవాడిదా తప్పు?

రెండో_ఆట:
అంటే మీ కోపం రేటు మీద. మరి ‘పెద్ద తెర మీద అదనంగా వచ్చేదేమీ లేదు’ అని సినిమా మీద ఎందుకు రుద్దారు?

నేల_టికెట్:
మీరిద్దరూ బలగాన్ని వదిలేశారు. అది మార్చి 3న విడుదలైంది, మూడు వారాలకే, 24న, ప్రైమ్‌లో పెట్టేశారు. ఆ తర్వాత తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్యలో తెర కట్టి వేసుకున్నారు. ముసలివాళ్ళు, పిల్లలు, ఒకరితో ఒకరు మాట్లాడుకోని అన్నదమ్ములు ఒకే చోట నేల మీద కూర్చున్నారు. సినిమాలో చచ్చిపోయిన తాతకు పిండం పెడితే కాకి ముట్టదు, ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోరు. చివర్లో బుడగ జంగాల పాట వచ్చేసరికి ఊరంతా ఏడ్చింది. అక్కడ డాల్బీ లేదు, ఏసీ లేదు. అదే సినిమాను ఫోన్లో ఒంటరిగా చూసినవాడు ఆ అన్నదమ్ముల పక్కన కూర్చోలేదు కదా.

మ్యాట్నీ_షో:
బలగం విషయంలో ఒప్పుకుంటున్నా. దాన్ని ఇంటి వరసలో పెట్టడం నా తప్పు. కోర్ట్ మీద నా మాట మారదు.

వాయిదా:
కోర్ట్ ఎక్కడ చూసినా సరే, సెక్షన్ 33(2) గుర్తుపెట్టుకుని చూడండి.

రెండో_ఆట:
మ్యాట్నీ గారూ, ఒక్కటే అడుగుతా. ఆంధ్రలో 2022 జీవో ప్రకారం నగరాల్లో మల్టీప్లెక్స్ మామూలు సీటు 150, పన్నుతో 177. ఆ రేటైతే 35ని హాల్లో చూసేవారా?

మ్యాట్నీ_షో:
చూసేవాణ్ణి.