బాల్ పైథాన్‌కి కింద ఏం పరవాలి? న్యూస్‌పేపరా, కొబ్బరి పొట్టా? బెంగళూరు వాళ్లు చెప్పండి

తుంగభద్ర, మారతహళ్లి

మా ఇంట్లో మూడేళ్ల బాల్ పైథాన్ ఉంది, విషం లేని చిన్న ఆఫ్రికా కొండచిలువ. విదేశీ జంతువుల్ని నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు పరివేష్‌లో నమోదు చేయించాను, ఆ ప్రశ్న రాకముందే చెప్తున్నా. గాజు ట్యాంకు, పైన జాలీ మూత, ఒక పక్క థర్మోస్టాట్‌తో హీట్ బల్బు. తెచ్చిన రోజు నుంచీ న్యూస్‌పేపరే పరుస్తున్నా.

వానాకాలంలో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. మేజోడు తిరగేసి లాగినట్టు కుబుసం ఒకే ముక్కగా వచ్చేసేది. ఈ ఫిబ్రవరిలో మాత్రం అరచేతి ముక్కలుగా ఊడింది. తోక చివర ఒక రింగు బిగుసుకుంది. నీళ్లలో నానబెట్టాక అది వచ్చేసింది గానీ ఎడమ కంటి మీద పొర ఉండిపోయింది. టార్చి వేస్తే కుడి కన్ను నల్లపూసలా మెరుస్తోంది, ఎడమది గీతలు పడ్డ గాజులా ఉంది. డాక్టర్ గారు పొరని గోటితో లాగొద్దన్నారు, తేమ పెంచి తర్వాతి కుబుసం దాకా చూడమన్నారు.

ట్యాంకులో తేమ మీటర్ 34 శాతం చూపిస్తోంది. షాపులో కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు వేయమన్నారు. ఒక స్నేహితుడేమో అది వేస్తే పొట్ట కింద పుండ్లు పడతాయంటున్నాడు. ఎవరి మాట వినాలి?

నెల్లూరోడు, కెంగేరి

మీ స్నేహితుడు చెప్పింది నిజం తమ్ముడూ. నాకు ఎనిమిదేళ్ల అనుభవం. మొదటి ఏడాది నేనూ కోకోపీటే వేశా. ఆరిపోతోందని రోజూ స్ప్రే కొట్టేవాణ్ణి. ఒకరోజు పాముని తిప్పి చూస్తే పొట్ట కింది పొలుసుల అంచులు ఎర్రగా ఉన్నాయి, రెండు చోట్ల ఆవగింజంత నీటి బొబ్బలు. డాక్టర్ ఇచ్చిన మందు రెండు నెలలు పూశాను. పాపం అది మేత కూడా మానేసింది. ఆ రోజు నుంచీ మా ఇంట్లో కాగితమే.

కాగితం మీద ఏదీ దాగదు. మలం ఎలా ఉంది, తెల్లటి సున్నం ముద్దలాంటి మూత్రం ఎలా ఉంది, మైట్స్ అనే రక్తం పీల్చే చిన్న పురుగులు నల్ల చుక్కల్లా పాకుతున్నాయా, అన్నీ కంటికి కనిపిస్తాయి. పొట్టులో ఇవన్నీ కలిసిపోతాయి.

తేమ కోసం ట్యాంకంతా తడపక్కర్లేదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకి పాము పట్టేంత కంత కోసి, అంచులు గీరుకోకుండా నున్నగా చేసి, లోపల నీళ్లు పట్టి ఉంచే స్ఫాగ్నమ్ నాచుని తడిపి, పిండి పెట్టు. దానికి కావాలంటే అదే లోపలికి పోతుంది.

పుట్టమన్ను, హెబ్బాళ

నెల్లూరు అన్నకి జరిగింది చదివితే బాధగా ఉంది. కానీ తప్పు కొబ్బరిది కాదన్నా, పైపైన కొట్టిన స్ప్రేది. పైపొర తడిగా, అడుగు పొడిగా ఉంటే పాము పగలూ రాత్రీ తడి మీదే పడుకుంటుంది. ఉండాల్సింది దానికి తిరగేసి.

బెంగళూరులో కాగితం ఎందుకు చాలదో చెప్తా. 25 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలినే బల్బు కింద 32 డిగ్రీలకి వేడి చేస్తే అది దాదాపు 40 శాతానికి పడిపోతుంది. నీటి ఆవిరి ఎక్కడికీ పోలేదు, వేడి గాలి ఇంకా ఎక్కువ ఆవిరిని పట్టగలదు, అంతే. మనకి ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల్లో బయట గాలే పొడి. దాన్ని మళ్లీ వేడి చేస్తున్నాం, పైన జాలీలోంచి పోనిస్తున్నాం. చెన్నైలో ఏసీ లేని గదిలో కాగితం మీద నెట్టుకురావచ్చేమో, ఇక్కడ కాదు.

బాల్ పైథాన్ పుట్టిల్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిమైదానాలు. అక్కడ పైన నేల ఎండి ఉన్నా అది పగలంతా ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో ఉంటుంది. లోపల చెమ్మ ఉంటుంది. మన పల్లెల్లో పుట్ట తవ్వితే రెండు జానల లోతున మట్టి చల్లగా చేతికి అంటుకుంటుంది చూడండి, ఆ చెమ్మే.

నేను కోకో చిప్స్, అంటే కొబ్బరి పీచు ముక్కలు, మూడంగుళాల మందం వేస్తా. నీళ్లు మూలల్లో నెమ్మదిగా పోస్తా, అడుగుకి దిగిపోతాయి. పైపొర చేత్తో తాకితే పొడిగానే ఉండాలి. జాలీ మీద ముప్పాతిక భాగం అక్రిలిక్ షీటు కప్పి, బల్బు చుట్టూ మాత్రం వదిలేశా. గాలి ఆడాలి కదా. నా ట్యాంకులో తేమ 60కి తగ్గదు.

కొత్త సభ్యుడు, కె.ఆర్. పురం

అక్కా, మా ఊర్లో వరి ఊక ఊరికే దొరుకుతుంది. అది వేయొచ్చా? రంపపు పొట్టు? ఇంకోటి, మా పొలంలో రెండు తలల పాము ఒకటి దొరికింది, దానికీ ఇదే పద్ధతా?

పుట్టమన్ను, హెబ్బాళ

ఊక వద్దు తమ్ముడూ, దుమ్ము లేస్తుంది, మొనలు గుచ్చుకుంటాయి. రంపపు పొట్టు అసలే వద్దు. అది ఏ చెక్కదో తెలియదు, దేవదారులాంటి ఘాటు వాసన చెక్కయితే పాము ఊపిరితిత్తులకి చేటు.

ఆ రెండు తలల పాముని మాత్రం ఈ రోజే అటవీ శాఖకి ఫోన్ చేసి అప్పగించు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు పాముల్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. దానికి రెండో తల లేదు, మొద్దు తోక. ఆ పేరు చెప్పి, అదృష్టమని చెప్పి వాటిని అమ్ముకుంటున్నారు. దయచేసి ఎవరికీ ఫోటో కూడా పంపకు.

నెల్లూరోడు, కెంగేరి

అక్క చెప్పిన లెక్క కాదనను. కానీ అక్కలా మూలల్లో కొలిచి పోసేవాళ్లు ఎందరు? ఆఫీసు నుంచి రాత్రి పదింటికి వచ్చి ఒక చెంబు కుమ్మరించేవాళ్లే ఎక్కువ. అడుగున కుళ్లు వాసన మొదలయ్యేదాకా తెలీదు. పైగా మిద్దెతోటల కోసం అమ్మే కోకోపీట్ ఇటుకల్లో కొన్ని కడగని సరుకు, ఉప్పు ఉంటుంది. కొన్నిట్లో ఎరువు కూడా కలుపుతారు. కొత్తగా పెంచేవాళ్లకి కాగితమే క్షేమం, ఈ మాట మీద నేను మారను.

తేమలెక్క, బన్నేరుఘట్ట రోడ్

మీరిద్దరూ 34 అనే అంకెని నమ్మేసి వాదించుకుంటున్నారు. ముల్లు తిరిగే గడియారం మోడల్ మీటరా అది? అవి చాలా తప్పు చూపిస్తాయి.

ఉప్పు పరీక్ష చేయండి. సోడా సీసా మూతలో చెంచా ఉప్పు వేసి, నాలుగు చుక్కల నీళ్లతో తడి ఇసుకలా చేయండి, కరిగిపోకూడదు. దాన్నీ మీటర్‌నీ జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసి ఒక రాత్రి ఉంచండి. గది ఉష్ణోగ్రతలో లోపల 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటర్ ఎంత తేడా చూపిస్తే అంత రాసిపెట్టుకోండి. ఇంకోటి, మీటర్ ఎక్కడ అంటించారు?

తుంగభద్ర, మారతహళ్లి

చేశాను. పొద్దున చూస్తే ముల్లు 66 దగ్గర ఉంది. అంటే నా 34 నిజానికి 43 దాకా ఉండొచ్చు. ఇంతకన్నా పెద్ద తప్పు, మీటర్ని బల్బు పక్కనే పై అంచుకి అంటించాను. డిజిటల్ ఒకటి కొని, దాని తీగ చివరి సెన్సర్‌ని చల్లటి వైపు పాము దాక్కునే చోట, నేలకి దగ్గరగా పెడితే 49 వచ్చింది. అనుకున్నంత ఘోరం కాదు, అయినా తక్కువే.

కడిగిన చిప్స్ తెచ్చాను, మళ్లీ రెండుసార్లు నీళ్లు మార్చి పిండి ఆరబెట్టాను. అక్క చెప్పినట్టే మూలల్లో పోశాను. అన్న చెప్పిన నాచు డబ్బా కూడా పెట్టా. నిన్న రాత్రి తల ఒక్కటే కంతలోంచి బయట పెట్టి పడుకుంది. ఈ రోజు 61.

నెల్లూరోడు, కెంగేరి

సరే తమ్ముడూ. అయితే ప్రతి ఆదివారం పొట్ట తిప్పి చూడు. ఎర్ర చుక్క ఒక్కటి కనబడినా ఆ రోజే అంతా ఎత్తిపారేసి కాగితం వెయ్యి, డాక్టర్‌కి చూపించు. చిప్స్ పిడికెడు తీసి వాసన చూడటం కూడా అలవాటు చేసుకో.

పుట్టమన్ను, హెబ్బాళ

పొట్ట చూడటం మంచిదే, కానీ కుబుసానికి ముందు కళ్లు పాలరంగుకి తిరిగాక చేతిలోకి తీయకు. ఆ రోజుల్లో దానికి సరిగా కనిపించదు, బెదురుతుంది. నాచు డబ్బా మాత్రం తడారనివ్వకు. కుబుసం వదిలాక పారేయకుండా నీళ్లలో పరిచి తల భాగం చూడు, రెండు కళ్ల పొరలూ గుండ్రంగా కనిపించాలి. ఎడమది అందులో లేకపోతే మళ్లీ డాక్టర్ దగ్గరికే.