క్లచ్ మాడు వాసన వస్తే ప్లేటు మార్చేయాల్సిందేనా?

వానలో బండి (సియాటిల్)

అందరికీ నమస్కారం. నాది టొయోటా జీఆర్86, ఆరు గేర్ల మాన్యువల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మొన్న క్వీన్ యాన్ కొండ మీద స్నేహితుడి ఇంటి ముందు రివర్స్‌లో పార్క్ చేస్తుంటే మాడు వాసన గుప్పుమంది. కాగితం, వెంట్రుకలు కలిపి కాల్చిన కమురు కంపు. తర్వాత ట్రాఫిక్ జామ్‌లో కూడా లీలగా వచ్చింది. ఇక్కడ ఒక షాపుకు తీసుకెళ్తే, లిఫ్ట్ కూడా ఎక్కించకుండా వాసన చూసి తేల్చేశారు: ప్లేటు, ప్రెషర్ ప్లేటు, ఫ్లైవీల్, రిలీజ్ బేరింగ్ అన్నీ మార్చాలట, రెండు వేల డాలర్లు దాటుతుందట. బండి మాత్రం బాగానే లాగుతోంది. వాసన ఒక్కటి పట్టుకుని గేర్‌బాక్స్ దించడం సబబేనా?

మస్టాంగ్ మావయ్య (డల్లాస్)

సబబే. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు అంటేనే ముందున్న ఓనరు దాన్ని ఎలా తోలాడో దేవుడికే తెలియాలి. మీ ముక్కుకు అందిందంటే ప్లేటు మీది రాపిడి పొర, లైనింగ్ అంటారు, దానిలోని రెసిన్ అప్పటికే మాడింది. ఒకసారి మాడిన ప్లేటు గాజులా నున్నబడుతుంది, ఇంకా జారుతుంది, ఇంకా మాడుతుంది. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు పడేదాకా ఆగితే అది కూడా చెడిపోతుంది. ఖర్చులో సగానికి పైగా కూలీయే. ఎలాగూ దించాల్సిందే కాబట్టి ఇప్పుడే దించండి, టెన్షన్ ఉండదు.

షెడ్డు మనిషి (విజయవాడ ఆటోనగర్)

మావయ్యా, మీరు ఫ్లైవీల్ దాకా వెళ్లిపోయారు. కుర్రాడు బండి బాగానే లాగుతోందని అంటున్నాడు కదా, అది చదివారా?

తమ్ముడూ, వాసన వచ్చిందంటే ఏదో వేడెక్కిందని అర్థం, అంతవరకే. ప్లేటు అరిగిందనడానికి గుర్తు జారడం, అంటే ఇంజిన్ తిరుగుతున్నా ఆ తిప్పుడు చక్రాలకు పూర్తిగా అందకపోవడం. ఈ రెండింటినీ కలిపేసి బిల్లు రాసేవాళ్లు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నట్టున్నారు. ఎత్తు మీద రివర్స్‌లో, హాఫ్ క్లచ్ మీద అంగుళం అంగుళం జరిపితే షోరూమ్ నుంచి అప్పుడే వచ్చిన బండి కూడా కంపు కొడుతుంది. బండి చల్లబడ్డాక ఆ కంపు మాయమై, మళ్లీ మామూలుగా నడిపినప్పుడు రాకపోతే, ప్లేటుకు ఢోకా లేదు. నీకు ట్రాఫిక్‌లో కూడా వచ్చిందన్నావు. నాకు అనుమానం అక్కడే.

తిరుపతి టాక్సీ

అసలు అది క్లచ్ వాసనే అని ఎవరు చెప్పారు? తిరుమలకు రెండో ఘాట్ రోడ్డులో ఎక్కుతాం, మొదటి ఘాట్ రోడ్డులో దిగుతాం. ఎక్కేటప్పుడు క్లచ్ కమురుతుంది, దిగేటప్పుడు బ్రేక్ ప్యాడ్లు కమురుతాయి. కొత్త డ్రైవర్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి. బండి ఆపగానే దిగి నాలుగు చక్రాల దగ్గరా చేయి దగ్గరగా పెట్టి చూడాలి, డిస్కును తాకకుండా. ఒక్క చక్రం దగ్గరే సెగ కొడుతుంటే ఆ చక్రం బ్రేక్ కాలిపర్ వదలకుండా పట్టేసినట్టు. ఏ చక్రం దగ్గరా సెగ లేకుండా, గేరు రాడ్ దగ్గర, కింద మధ్యలో కంపు ఉంటేనే క్లచ్.

పైగా మీది బాక్సర్ ఇంజిన్. సిలిండర్లు పడుకుని ఉంటాయి, ఎగ్జాస్ట్ కిందే ఉంటుంది. క్యామ్ కవర్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉంటే నేరుగా వేడి గొట్టం మీద కారుతుంది. ఆ వాసన నూనె మాడినట్టు ఉంటుంది, కొంచెం పొగ కూడా వస్తుంది.

వానలో బండి

చక్రాలు చూశాను, నాలుగూ సమానంగానే ఉన్నాయి. కింద ఆయిల్ మరకలు లేవు. వాసన సెంటర్ కన్సోల్ దగ్గరే ఎక్కువ. షెడ్డు మనిషి అన్నా, హ్యాండ్ బ్రేక్ లాగి మూడో గేర్లో క్లచ్ వదిలే టెస్టు కూడా చేశాను. ఇంజిన్ ఠక్కున ఆగిపోయింది. అంటే క్లచ్ బాగున్నట్టేనా?

మస్టాంగ్ మావయ్య

కాదు. ఆ టెస్టుతో ఏదీ తేలదు. ఐడిల్ దగ్గర ఇంజిన్ ఇచ్చే టార్క్, అంటే తిప్పే బలం, ఎంత? సగం అరిగిన ప్లేటు కూడా దాన్ని పట్టి ఆపేస్తుంది. మీ 2.4 లీటర్ల ఇంజిన్ పూర్తి టార్క్, 184 పౌండ్-అడుగులు, వచ్చేది 3,700 ఆర్‌పీఎం దగ్గర. క్లచ్ జారడం మొదలయ్యేది అక్కడ. ఆ టెస్టులో ఇంజిన్ ఆగకపోతే క్లచ్ పోయిందని చెప్పొచ్చు. ఆగితే మాత్రం ఏమీ చెప్పలేం.

షెడ్డు మనిషి

ఈ మాట మాత్రం మావయ్యది నిజం.

ఫిజిక్స్ టీచరమ్మ (హనుమకొండ)

కొండ మీద వాసన రావడంలో వింతేమీ లేదని చెప్పడానికి చిన్న లెక్క వేస్తాను. బండి, మనిషి కలిపి 1,350 కిలోలు అనుకుందాం, వాలు నూటికి 15. బ్రేక్ తొక్కకుండా, వెనక్కి జారకుండా మొదటి గేర్లో హాఫ్ క్లచ్ మీద నిలబెట్టారనుకోండి. మీ బండికి మొదటి గేరు 3.626, డిఫరెన్షియల్ 4.10. రెండూ గుణిస్తే దాదాపు 14.9. ఈ లెక్కన క్లచ్ మోయాల్సిన టార్క్ సుమారు 42 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ 1,500 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే దాదాపు 6.5 కిలోవాట్లు. బండి కదలడం లేదు కాబట్టి అంతా వేడే. ఇంట్లో స్నానాల గీజరు 2 కిలోవాట్లు. అలాంటివి మూడింటి వేడి ఆ పళ్లెమంత ప్లేటు మీద పడుతుంది. అర నిమిషం చాలు కంపు రావడానికి.

రేసింగ్ పెంచి 3,000 దగ్గర పట్టుకుంటే వేడి రెట్టింపు. టార్క్ మారదు, జారే వేగం మారుతుంది. "ఎత్తు మీద బాగా రేస్ చెయ్, ఆగిపోదు" అని డ్రైవింగ్ నేర్పేవాళ్లు చెప్పేది ఇంజిన్ కోసమే, క్లచ్‌ను తలచుకుని కాదు. మీ బండికి లివర్ హ్యాండ్ బ్రేకే ఉంది కదా. దాంతో ఆపి, క్లచ్ పట్టాక వదలండి.

మస్టాంగ్ మావయ్య

లెక్క బాగుంది మేడమ్. మరి ట్రాఫిక్ జామ్‌లో ఏ వాలుందని వచ్చింది?

షెడ్డు మనిషి

నేనూ అదే అడుగుతున్నాను. తమ్ముడూ, ముక్కును కాసేపు పక్కన పెట్టు. ఓబీడీ పోర్టుకు, అంటే డాష్‌బోర్డు కింద ఉండే చెకింగ్ సాకెట్‌కు, పెట్టే చిన్న రీడర్ కొను, ఫోన్‌లో ఆర్‌పీఎం, స్పీడు రెండూ రికార్డు చెయ్. క్లచ్ పూర్తిగా పట్టి ఉంటే ఒక గేర్లో ఈ రెండింటి నిష్పత్తి మారదు. మీ బండి ఆరో గేరు 0.767. స్టాక్ 18 అంగుళాల టైర్లయితే 70 మైళ్ల దగ్గర 3,000 ఆర్‌పీఎంకు అటూ ఇటూగా ఉండాలి, 60 దగ్గర సుమారు 2,570. స్పీడోమీటరు ఒకటి రెండు మైళ్లు ఎక్కువ చూపిస్తే చూపించనీ, ఆ తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. నువ్వు చూడాల్సింది యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఆర్‌పీఎం సూది ఒక్కటే పైకి లేచి, స్పీడు అక్కడే ఉండిపోతుందా అని.

బండి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ట్రాఫిక్‌లో బాగా వేడెక్కాక ఇంకోసారి చూడు. రెండూ కావాలి. ఎక్కువ సార్లు చేయకు, జారుతున్న ప్లేటుకు ఈ టెస్టే శిక్ష.

వానలో బండి

ఐ-90 హైవే మీద స్నోక్వాల్మీ పాస్ వైపు ఎక్కుతూ చూశాను. బయల్దేరిన కొత్తలో అంతా సరిగ్గానే ఉంది, నొక్కితే ఆర్‌పీఎం, స్పీడు కలిసే పెరిగాయి. తిరిగి వచ్చి బెల్‌వ్యూ ట్రాఫిక్‌లో చాలాసేపు పాకి, మళ్లీ అదే ఎత్తు ఎక్కితే 60 దగ్గర సూది 2,600 నుంచి 3,100కు లేచింది, స్పీడు కదల్లేదు. వాసన కూడా వచ్చింది. ఇంటి దగ్గర రాత్రంతా ఉంచి పొద్దున చూస్తే మళ్లీ మామూలే.

మస్టాంగ్ మావయ్య

జారుతోంది. ఇక వాదన ఎందుకు? షాపు వాళ్లు లిఫ్ట్ ఎక్కించకపోయినా సరిగ్గానే చెప్పారు.

షెడ్డు మనిషి

ఎందుకంటే చల్లారితే బాగవుతోంది కాబట్టి. అరిగిపోయిన ప్లేటు రాత్రికి రాత్రి మందం పెరగదు. వేడికి లైనింగ్ పట్టు కొంత తగ్గే మాట నిజమే, కానీ పొద్దునకి ఒక్క ఆర్‌పీఎం తేడా లేకుండా ఉందంటే ముందు వేరేది చూడాలి. తమ్ముడూ, రెండు సంగతులు చెప్పు. వేడెక్కాక క్లచ్ పట్టే చోటు పెడల్ పైకి వస్తోందా? ముందున్న ఓనరు పెడల్ జోలికి వెళ్లాడా?

వానలో బండి

అన్నా, మీరు బండిని చూసినట్టే అడిగారు. అమ్మినప్పుడు ఇచ్చిన కాగితాల్లో "పెడల్ హెల్పర్ స్ప్రింగ్ మార్చబడింది, పెడల్ అడ్జస్ట్ చేయబడింది" అని ఉంది. పట్టే చోటు కూడా పొద్దున మధ్యలో ఉంటుంది, సాయంత్రానికి దాదాపు పైదాకా వస్తుంది. ఈ బండి తీరే అంత అనుకున్నాను.

షెడ్డు మనిషి

ఈ బండ్లలో ఆ స్ప్రింగ్, అంటే పెడల్ నొక్కడానికి సాయపడే స్ప్రింగ్, మార్చడం చాలామందికి సరదా, పెడల్ అనుభూతి నచ్చక మారుస్తారు. మార్చాక పట్టే చోటు నచ్చకపోతే మాస్టర్ సిలిండర్ పుష్‌రాడ్‌ను, అంటే పెడల్ దగ్గర ఫ్లూయిడ్‌ను తోసే సిలిండర్‌లోకి వెళ్లే కడ్డీని, తిప్పుతారు. అక్కడే తేడా కొడుతుంది. పుష్‌రాడ్ పొడవు ఎక్కువైతే పెడల్ మీద కాలు లేకపోయినా లోపల పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. ఫ్లూయిడ్ డబ్బాకు తిరిగి వెళ్లే సన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. ట్రాఫిక్‌లో వేడెక్కిన ఫ్లూయిడ్ వ్యాకోచిస్తుంది, పోయే దారి లేక గేర్‌బాక్స్ దగ్గర క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్‌ను తోస్తుంది. అంటే నీ కాలు నేల మీద ఉన్నా ఎవరో క్లచ్ కొద్దిగా నొక్కి పట్టుకున్నట్టే లెక్క. చల్లారితే వదిలేస్తుంది.

చేత్తో పెడల్‌ను మెల్లగా నొక్కి చూడు. మొదట్లో కొద్దిగా వదులు ఉండాలి, కొలత సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. ఏమీ లేకుండా వెంటనే బిగువు తగిలితే నేను చెప్పినదే. ఇంకా గట్టిగా తేలాలంటే, జారుతున్న సమయంలో బండి ఆపి, కళ్లద్దాలు పెట్టుకుని, స్లేవ్ సిలిండర్ బ్లీడ్ నట్ కొద్దిగా వదులు చెయ్యాలి. పెడల్ ఎవరూ తొక్కకుండానే ఫ్లూయిడ్ చిమ్మి, ఆ తర్వాత జారడం ఆగిందంటే దొంగ దొరికినట్టే. నట్ బిగించాక డబ్బాలో ఫ్లూయిడ్ మట్టం చూసుకో.

తిరుపతి టాక్సీ

బాబాయ్, ఇది చెప్పడానికి ఇంతసేపా!

వానలో బండి

పెడల్‌లో వదులు అసలు లేదు. దగ్గర్లోనే ఉన్న ఒక తెలుగు మిత్రుడు, సొంత బండి రిపేర్లు చేసుకునే మనిషి, వచ్చి బ్లీడ్ నట్ తిప్పితే ఫ్లూయిడ్ చిమ్మింది. పుష్‌రాడ్ సరిచేశాం. ఆ తర్వాత అదే ట్రాఫిక్, అదే ఎత్తు, 60 దగ్గర సూది స్పీడుతో పాటే కదిలింది. షాపు అపాయింట్‌మెంట్ రద్దు చేసేశాను.

మస్టాంగ్ మావయ్య

శుభం. కానీ నేను వెనక్కి తగ్గను. ముందున్న ఓనరు చేతిలో ఎన్నాళ్లు అలా సగం నొక్కి తిరిగిందో ఎవరికి తెలుసు? ఆ ప్లేటు చాలాసార్లు మాడి ఉంటుంది. ఇవాళ పట్టుకుంది, వచ్చే వేసవిలో పట్టుకుంటుందా? నేనైతే మార్చేవాణ్ణి.

షెడ్డు మనిషి

అది న్యాయమైన అనుమానమే. అందుకే ఆ ఓబీడీ రికార్డు దాచుకోమంటున్నాను. నెలకోసారి ఆరో గేర్లో అదే ఎత్తు మీద చూస్తే చాలు, ఎప్పుడు దించాలో ఆ అంకెలే చెబుతాయి. ఎప్పటికైనా దించిన రోజున మాత్రం ఇంజిన్ వెనకవైపు ఆయిల్ ఆపే రియర్ మెయిన్ సీలు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు చూడమని అడుగు. అక్కడ ఆయిల్ కారుతూ ఉంటే ఎంత కొత్త ప్లేటు వేసినా జారుతుంది.

ఫిజిక్స్ టీచరమ్మ

స్నేహితుడి ఇంటి దగ్గర మాత్రం రివర్స్‌లో ఎక్కించకండి. ముందుకు ఎక్కించి, ముందు చక్రాలు కాలిబాట వైపు కాకుండా రోడ్డు వైపు తిప్పి ఆపండి.

వానలో బండి

అలాగే మేడమ్. ఒరిజినల్ హెల్పర్ స్ప్రింగ్ కూడా ఆర్డర్ పెట్టాను. అది వేశాక పెడల్ వదులు మళ్లీ కొలిచి, ఐ-90 అంకెలు ఇక్కడే పెడతాను.