డెంగ్ యాపింగ్ 24 ఏళ్లకే ఆట మానేసింది, మా అమ్మాయి పదో తరగతిలో మానేస్తే తప్పేంటి?

విజయనగరం నాన్న:
మా అమ్మాయి ఐదేళ్లుగా టేబుల్ టెన్నిస్ ఆడుతోంది, రాష్ట్ర పోటీలకూ వెళ్లొచ్చింది. ఇప్పుడు పదో తరగతి. బ్యాట్ పక్కన పెట్టించాలని నేను, వద్దని వాళ్లమ్మ. చైనా టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి డెంగ్ యాపింగ్ గురించి చదివాను. 1992 బార్సిలోనాలో రెండు, 1996 అట్లాంటాలో రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచి, 1997లో 24 ఏళ్లకే ఆట వదిలి చదువులో పడింది. అంతటి ఆమే చదువు వైపు వచ్చినప్పుడు మా పాప కాస్త ముందే వస్తే తప్పేంటి? చెప్పండి.

బొబ్బిలి మాస్టారు:
మీ ఆలోచన సరైనదే. రిటైరయ్యాక బీజింగ్‌లోని సింఘువా యూనివర్సిటీలో చేరేసరికి ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు కూడా పూర్తిగా రావు. మన దగ్గర అలా ఉంటే ఎవరు సీటిస్తారు? అక్కడ ఆటగాళ్లను ప్రభుత్వం పోషిస్తుంది. ఇక్కడ బ్యాట్‌కి అతికించే రబ్బర్ల ఖర్చు, విశాఖకు ప్రయాణం, అన్నీ తండ్రి జేబులోంచే.

శ్రీకాకుళం పిన్ని:
అన్నయ్యగారూ, మీరు ఆమె కథలో చివర మాత్రమే చూశారు. మొదలు చూడండి. ఆమె ఎత్తు అయిదడుగులు కూడా లేదు. పొట్టిపిల్ల, పనికిరాదని హెనాన్ ప్రావిన్స్ జట్టు వెనక్కి పంపేసింది. ఆమె ఆగలేదు. బ్యాక్‌హ్యాండ్ వైపు పొడవాటి పింపుల్స్, అంటే బొడిపెలు, ఉన్న రబ్బరు వేసుకుంది. అవతలివాళ్లు తిప్పి కొట్టిన స్పిన్ ఆ రబ్బరుకి తగిలి వాళ్లకే ఎదురు తిరుగుతుంది. చేయి అందని లోటును టేబుల్‌కి దగ్గరగా నిలబడి, బంతి లేస్తుండగానే కొట్టి తీర్చుకుంది. పదహారేళ్లకే, 1989లో, చియావో హోంగ్‌తో కలిసి ప్రపంచ డబుల్స్ గెలిచింది. ఎనిమిదేళ్లు నంబర్ వన్. అన్నీ గెలిచాక మానేసింది. మీ పాపతో మీరు మానిపిస్తున్నారు. ఈ రెండూ ఒకటెలా అవుతాయి?

నాకూ ఇలాగే మానిపించారు. ఇంటర్ ఫస్టియర్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచుకున్న బ్యాట్‌ని వార్డెన్ తీసేసుకున్నారు. రెండేళ్ల తర్వాత తిరిగిచ్చేసరికి రబ్బరు ఎండిపోయి, అంచు పట్టుకుంటే చెక్క నుంచి పొరలుగా ఊడొచ్చింది. పోనీ మార్కులు పెరిగాయా అంటే, లేదు. సాయంత్రం ఐదున్నరయ్యేసరికి పుస్తకం ముందు కూర్చున్నా చేయి ఊరుకునేది కాదు.

మాస్టారూ, అక్షరాలు రాని ఆ అమ్మాయే తర్వాత నాటింగ్‌హామ్‌లో మాస్టర్స్ చేసి, 2008లో కేంబ్రిడ్జ్ నుంచి డాక్టరేట్ తెచ్చుకుంది. చదువు తర్వాతైనా అందుకోవచ్చు. పదిహేనేళ్ల కాళ్ల చురుకు తర్వాత రాదు.

ఆమదాలవలస కోడలు:
మా వైపు మాట ఒకటి చెప్తాను. మా ఊసవానిపేట వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరికి 1997లో పెళ్లయింది. మూడేళ్లకు సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఎప్పుడు ఆపాలన్నది ఆడేవాళ్లకే తెలియాలి.

బొబ్బిలి మాస్టారు:
అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ డెంగ్‌లు, మల్లీశ్వరిలు లక్షల్లో ఒకరు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆటా పోయి, చదువూ పోయి నా దగ్గరికొచ్చి ఏడ్చిన పిల్లల్ని చూశాను. వాళ్ల గురించి ఎవరూ రాయరు.

విజయనగరం నాన్న:
పిన్నిగారి పోస్టు మా ఆవిడ నాకంటే ముందే చదివేసింది. రాత్రి పాపను కూర్చోబెట్టి, నీకేం కావాలమ్మా అని అడిగాను. ఇన్నాళ్లూ అడగలేదు, అది నా తప్పే. టోర్నమెంట్లు ఈ ఏడాది వద్దంది. వారానికి మూడు రోజులు పొద్దున్నే గంట ప్రాక్టీసు చాలంది. అలారం నా ఫోన్‌లో పెట్టమంది.

బొబ్బిలి మాస్టారు:
మంచిది బాబూ. ప్రీఫైనల్ మార్కులు వచ్చాక మళ్లీ ఇక్కడే రాయండి. నా మాట తప్పయితే ఒప్పుకుంటాను.