ఈ వారం సమస్య: రెంటచింతలలో మంచు రేయి గురిసె

నిర్వాహకులు: లానినా (పసిఫిక్ సముద్రం మామూలు కంటే చల్లబడటం) మాట వినబడితే చాలు, "ఈ చలికాలం లంబసింగిలో మంచు పడుతుందా, కశ్మీరు గుల్మర్గ్‌కి టికెట్లు ఎప్పుడు కొనాలి" అని నాలుగు దిక్కుల నుంచీ అడుగుతారు. అందుకని ఎవరూ అడగని ఊరు పట్టుకొచ్చాను. ఇది నాలుగో పాదం, ముందు మూడూ మీరు పూరించాలి. మే నెలలో పలనాడు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు ముందు రండి.

*రెంటచింతలలో మంచు రేయి గురిసె*

పలనాటి పిడుగు: మా పక్క ఊరు కాబట్టి బోణీ నాది.

మబ్బు లేకుండె మింటను మాఘవేళ
నేల వేడిమి యెల్లను నింగి కెగయ
గాలి కదలక తేమయే కణములౌచు
రెంటచింతలలో మంచు రేయి గురిసె

తూనికరాయి: గణాలు, యతులు శుభ్రం. మొదటి పాదంలోనే మబ్బు లేదన్నారు కాబట్టి ఇది ఆకాశం నుంచి పడే మంచు కాదు, పొగమంచు. తెలుగులో ఒకే మాట మంచుబిందువు, పొగమంచు, హిమం మూడింటికీ పనికొస్తుంది. సమస్యలో ఉన్న సందు అదే, మీరు దూరారు. సులువు దారే, తప్పు దారి కాదు.

కొండగాలి: మూడో పాదం దగ్గర ఆగాలి పిడుగు గారూ. గాలి బొత్తిగా కదలకపోతే తేమ గడ్డి మీదే మంచుబిందువులై దిగిపోతుంది, పొగమంచు లేవదు. నేలకు ఆనుకున్న చల్లని తేమగాలిని కాస్త పైకి కలపడానికి సెకనుకు ఒకటి రెండు మీటర్ల గాలి కావాలి. అంతకు మించితే పైనున్న పొడిగాలి దిగి పొగమంచు చెదిరిపోతుంది. "గాలి మెల్లగ తేమయే" అనండి. గణం చెడదు, శాస్త్రమూ చెడదు.

పలనాటి పిడుగు: మార్చాను. సాగర్ కుడికాలువ కింద తడిసిన పొలాలున్నాయి కాబట్టి తేమకు కొరత లేదు లెండి.

మబ్బుచాటు: అందరూ పొగమంచు పట్టుకుంటారని తెలిసి నేను వేరే దారి పట్టాను.

చైత్రమాసాన మేఘము చిందులాడ
పైకి కిందికి గింగిర్లు పలుమరేగి
పొరల పై పొరల్ పేరిన బుడిపె లగుచు
రెంటచింతలలో మంచు రేయి గురిసె

తూనికరాయి: భావం బాగుంది. ఊర్ధ్వగాలికి మంచుగడ్డ మేఘంలో పైకి లేస్తూ దిగుతూ పొర మీద పొర కట్టుకోవడం రెండు పాదాల్లో చక్కగా ఇమిడింది. కానీ *చై*కీ *చిం*కీ యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ, ఏ ఊళ్ళో కుదురుతుందో చెప్పండి. ఐకారానికి చెలిమి అ, ఆ, ఔలతో. ఇకారంతో కాదు.

మబ్బుచాటు: చెవికి బాగుంది.

తూనికరాయి: చెవికి బాగుండటం యతి అయితే లక్షణ గ్రంథాలు ఎందుకు? "చైత్రమాసాన మేఘము జడిని గురియ" అనండి. చై, జ. సరిపోయింది. ఇంకోటి, చలికాలం గురించి అడిగితే మీరు చైత్రానికి వెళ్ళిపోయారు. పైగా ఆ మేఘాలు నేల బాగా కాగిన మధ్యాహ్నం తర్వాత, సాయంత్రానికి ముదురుతాయి. "రేయి" అన్నందుకు ఏదైనా సాకు చెప్పాలి.

మబ్బుచాటు: సాయంత్రం మొదలై చీకటి పడ్డాక కురిసింది. సాకు చాలా? ఇక యతులు ఎవరు చెబుతున్నారో చూడండి. పోయిన నెల "వడగళ్ళు" అని పాదం ఎత్తుకుని *గ*ను లఘువుగా లెక్కేసింది ఎవరు? వెనక *ళ్ళు* కూర్చుంటే అది గురువు అవదా? సూర్యగణం స్థానంలో సగణం పెట్టిన మహానుభావులు నాకు ఐకారం పాఠం చెబుతున్నారు.

తూనికరాయి: ఆరోజే దిద్దుకున్నాను, "రాలె వడగళ్ళు" అని. మీరు దాన్ని మరిచిపోరని తెలుసు. ఈ పద్యమంతా వడగళ్ళ మీద రాసి ఒక్కచోట కూడా ఆ మాట రాకుండా జాగ్రత్తపడ్డారంటే, నా తప్పు మీకు బాగానే ఉపయోగపడింది.

నిర్వాహకులు: ఆ పాత లెక్క ఇక్కడితో ముగించండి. కొండగాలి గారు ఇంతసేపు పద్యం లేకుండా ఉంటే నాకు భయం.

కొండగాలి: నాది విరుపు, ఊరి పేరునే విడగొట్టాను.

పడమటలజడి రాదను బాధ యొకటి
వచ్చి వానగా మారెడు వంత యొకటి
గుల్మరుగు నెంచు వారికి గుండెలోని
రెంట, చింతలలో, మంచు రేయి గురిసె

"పడమటలజడి" అంటే వెస్టర్న్ డిస్టర్బెన్స్. కశ్మీరు మంచు దాదాపు అంతా మధ్యధరా వైపు నుంచి, ఎగువన వేగంగా వీచే జెట్ గాలి వెంట వచ్చే ఈ అలజడుల మీదే ఆధారం. లానినా వస్తే మంచు ఎక్కువ పడుతుందని చాలామంది లెక్క వేస్తారు. పశ్చిమ హిమాలయాల్లో అది సాధారణంగా తిరగబడుతుంది. లానినా ఏట అలజడులు తగ్గే మొగ్గు ఎక్కువ, ఆకాశం తేటగా ఉండి రాత్రిళ్ళు మాత్రం గడ్డకడతాయి. చలి పెరుగుతుంది, మంచు తగ్గుతుంది. పసిఫిక్ వేడెక్కే ఎల్‌నినో ఏడు ఆ వైపు కాస్త ఎక్కువ కురుస్తుందని పాత లెక్కలు చెబుతాయి. కానీ 2023-24 ఎల్‌నినో ఏడే. 2024 జనవరి దాదాపు అంతా గుల్మర్గ్ వాలులు మట్టిరంగులోనే ఉన్నాయి. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజుల గట్టి చలికాలం చిల్లై కలాన్ ముగిసే వేళకు గానీ సరైన మంచు పడలేదు. అందుకే పసిఫిక్ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి టికెట్లు కొనొద్దు. వారం ముందు ఎగువ గాలిలో లోతైన ద్రోణి ఉందా, అరేబియా సముద్రం నుంచి దానికి తేమ అందుతోందా, సున్నా డిగ్రీల గీత, అంటే గాలి సున్నాకు చల్లబడే మట్టం, ఎంత ఎత్తున ఉందో చూసుకోవాలి. పది మిల్లీమీటర్ల నీటికి సుమారు పది సెంటీమీటర్ల మంచు. చలి ముదిరితే అదే నీటికి పదిహేను.

పలనాటి పిడుగు: అద్దిరింది. మా ఊరి పేరును రెండు ముక్కలు చేసి కశ్మీరుకు పంపారు.

మబ్బుచాటు: ఒప్పుకున్నాం, ఈ వారానికి ఇదే. "పడమటలజడి" మాట దాచుకోవాలి.

తూనికరాయి: దాచుకోండి. కానీ *రెంట* సప్తమీ విభక్తి, *చింతలలో* కూడా సప్తమే. "రెండు చింతలలో" అనాల్సిన చోట "రెండింటిలో, చింతలలో" అని వస్తోంది. కామాలు పెట్టి దాటించారు. ఇంకా రెండో పాదం: గుల్మర్గ్ 2,650 మీటర్ల ఎత్తు. జనవరిలో అక్కడ వాన పడుతుందన్న భయం కంటే అసలేమీ పడదన్న భయమే పెద్దది. వచ్చింది వానైపోతుందేమో అన్న వంత 1,585 మీటర్ల శ్రీనగరుది. "శ్రీనగరు నెంచు వారికి చిత్తమందు" అనండి.

కొండగాలి: భౌగోళికం ఒప్పుకుంటాను. సవరణ ఒప్పుకోను. రెండు సప్తములు ఎక్కువన్నవారు "చిత్తమందు" అని మూడోది తగిలించారు.

మబ్బుచాటు: 😄

తూనికరాయి: సరే, అయితే నాది.

సున్న డిగ్రీల యెత్తెంత? చూడుమయ్య
పదునయిదు వేలడుగులకు బైనె యుండు
వాట్సపందున నెవ్వడో వదరె నిట్లు
"రెంటచింతలలో మంచు రేయి గురిసె"

మబ్బుచాటు: నింద ఎవడి మీదో తోసేసి తప్పుకోవడం సమస్యాపూరణంలో అన్నిటికంటే పాత ఉపాయం. యతి తప్పులు వెతికాను. దొరకలేదు. విచారం.

కొండగాలి: రెండో పాదం మాత్రం బంగారం. లంబసింగి ఫొటోలు పంపేవాళ్ళందరికీ ఇది చూపించాలి. అక్కడ గడ్డి మీద తెల్లగా కనబడేది నేల మీదే గడ్డకట్టిన తేమ, పైనుంచి పడింది కాదు. ఊరు సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. తేటగా ఉన్న రాత్రి చల్లగాలి లోయలోకి జారి అడుగున నిలుస్తుంది, పక్క గుట్ట వంద మీటర్లు ఎక్కితే వెచ్చగా ఉంటుంది. నాలుగడుగుల ఎత్తున పెట్టెలో ఉన్న థర్మామీటరు మూడు చూపిస్తున్నప్పుడే గడ్డి దగ్గర సున్నా కిందికి దిగి ఉంటుంది. మబ్బు వస్తే నేల వేడి బయటికి పోదు, చలి విరుగుతుంది. మబ్బు లేకపోతే కురవడానికి ఏమీ లేదు. అక్కడ రెండూ కలిసిరావు.

పలనాటి పిడుగు: లంబసింగి దగ్గరి చెరువులవేనం ఫొటోల సంగతి?

కొండగాలి: అవి లోయ నిండిన పొగమంచు, మబ్బు. మీ మొదటి పద్యమే, కాస్త ఎత్తు మీద.

తూనికరాయి: నిర్వాహకులకు ఒక సందేహం. సమస్యలో "గురిసె" అన్నారు. రేయి తర్వాత "కురిసె" అనకూడదా?

నిర్వాహకులు: ప్రథమ మీది పరుషానికి గసడదవలు బహుళం, అంటే ఇక్కడ క, గ కావచ్చు, కాకపోవచ్చు. ఏదైనా పర్లేదు. మబ్బుచాటు గారూ, చైత్రం పాదం ఇంకా అలాగే ఉంది.

మబ్బుచాటు: మారుస్తాను, "జడిని గురియ". సూచన ఎవరిదో మాత్రం రాయను.