మైడీ88 తీసేసిన మాక్రోఫేజ్‌లలో టీఎన్‌ఎఫ్ ఎందుకు వస్తోంది?

నమస్కారం. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మావి మైడీ88 ఫ్లాక్స్, లైస్‌ఎం-క్రీ చిట్టెలుకలు: అంటే మాక్రోఫేజ్‌ల వంటి రోగనిరోధక కణాల్లో క్రీ ఎంజైమ్ మైడీ88 (కణంలో సిగ్నల్ చేరవేసే ప్రొటీన్) జన్యువును కత్తిరించేయాలి. ఎముక మజ్జ కణాలను 7 రోజులు పెంచి, మాక్రోఫేజ్‌లకు పామ్3సీఎస్‌కే4 (బ్యాక్టీరియా ప్రొటీన్‌ను పోలిన, కణాలను ప్రేరేపించే లైగాండ్; 100 నానోగ్రాములు/మి.లీ.) ఇచ్చి, 6 గంటల తర్వాత ఎలైజా (ప్రొటీన్ మోతాదు కొలిచే పరీక్ష)లో టీఎన్‌ఎఫ్ అనే ఇన్‌ఫ్లమేషన్ ప్రొటీన్ చూస్తున్నాను. ఈ లైగాండ్ టీఎల్‌ఆర్2 అనే గ్రాహకం ద్వారా పనిచేస్తుంది, దానికి మైడీ88 తప్పనిసరి. ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పొరలోని పదార్థం) అయితే మైడీ88 అక్కర్లేని ట్రిఫ్ దారి కూడా ఉంది కాబట్టి కొంత సిగ్నల్ వస్తే అర్థం చేసుకోవచ్చు. ఇక్కడ దాదాపు సున్నా రావాలి. కానీ క్రీ లేని తోబుట్టువులతో పోలిస్తే పావు వంతు వస్తోంది, మూడుసార్లూ అంతే.

లైగాండ్ కొత్త లాట్ తెప్పించాను. ఎలైజా కిట్ మార్చాను, అది చేరడానికే నెల పట్టింది. మజ్జ కణాలను మాక్రోఫేజ్‌లుగా పెంచడానికి ఎల్929 కణాల మీడియం బదులు రికాంబినెంట్ ఎం-సీఎస్‌ఎఫ్ (పెరుగుదల కారకం) వాడాను. లైగాండ్ ఇవ్వని వెల్స్‌లో (ప్లేట్ గుంతల్లో) టీఎన్‌ఎఫ్ లేదు. తోక డీఎన్‌ఏ జీనోటైపింగ్ రెండుసార్లూ సరిగ్గానే వచ్చింది, అయితే మాక్రోఫేజ్‌లలో జన్యువు నిజంగా తెగిందో లేదో తోక చెప్పదు కదా. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్ ఉందో లేదో చూసే పరీక్ష) మైడీ88 బ్యాండ్ సన్నగా కనిపిస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది, కారణం తెలియకుండా ఇంకొన్ని ఎలుకల ప్రాణం తీయడానికి మనసొప్పడం లేదు.

లైస్‌ఎం-క్రీ వాడినవాళ్లు చెప్పండి: మజ్జ మాక్రోఫేజ్‌లలో జన్యువు పూర్తిగా తెగడానికి మీరు ఎన్ని రోజులు పెంచారు?