ట్రైలర్ బ్యాటరీకి రిలే సరిపోతుందా, డీసీ-డీసీ చార్జర్ తప్పదా?

ప్రశ్న
ట్రైలర్‌లో 100 ఆంపియర్-అవర్ల లిథియం ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ పెట్టాను. బండి నడుస్తుండగా ఆల్టర్నేటర్‌తోనే (ఇంజన్‌తో తిరిగి కరెంటు ఇచ్చేది) చార్జ్ అవ్వాలి. బండి బ్యాటరీ నుంచి అక్కడికి 10 మీటర్లు. మధ్యలో రిలే (దానంతటదే కలిపి విడదీసే స్విచ్) పెట్టి కలిపేస్తే సరిపోతుందా, లేక డీసీ-డీసీ చార్జర్ (వచ్చే వోల్టేజ్‌ని బ్యాటరీకి తగ్గట్టు మార్చి, హద్దులో కరెంటు ఇచ్చే పెట్టె) కొనాలా?

జవాబు 1
బ్రహ్మాండంగా సరిపోతుంది. వోల్టేజ్ చూసి పనిచేసే రిలే పెట్టండి. 13.3 దాటితే కలుస్తుంది, 12.8కి పడితే విడిపోతుంది. వైరు మాత్రం మందంగా వేయండి. దారిలో చెడిపోయే పెట్టెలు ఎంత తక్కువుంటే అంత మంచిది.

జవాబు 2
లెడ్-యాసిడ్ (బండ్లలో ఉండే మామూలు రకం) అయితే నాదీ అదే మాట. లిథియంకి మాత్రం ఒప్పుకోనండి. నిండిన ఎల్ఎఫ్‌పీ ఊరికే ఉన్నా 13.3 చుట్టూనే ఉంటుంది. ఇంజన్ ఆపినా మీ రిలే విడిపోదు, లిథియం చాలావరకు ఖాళీ అయ్యేదాకా రెండు బ్యాటరీలూ కలిసే ఉంటాయి.

ఇక వైరు సంగతి. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 30 ఆంపియర్లు పంపాలంటే, రానుపోను 20 మీటర్లలో దాదాపు 1.8 వోల్టులు పోతాయి. 14.2తో బయల్దేరింది 12.4తో చేరితే బ్యాటరీలోకి ఏం ఎక్కుతుంది? అంత కరెంటు అసలు పారనే పారదు. పోనీ బాగా మందం వైరు వేశారనుకోండి, ఖాళీ లిథియం దొరికినంతా లాగేస్తుంది. ఐడ్లింగ్‌లో ఫ్యాన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

జవాబు 1 రాసినవారే
ఇగ్నిషన్‌తో కలిసే రిలే పెడితే మొదటి గొడవ తీరింది కదా! మధ్యరకం వైరు వేస్తే రెండోదీ తీరుతుంది. నెమ్మదిగా ఎక్కితే కొంపేం మునగదు.

జవాబు 2 రాసినవారే
మొదటిది తీరింది, నిజమే. కానీ స్మార్ట్ ఆల్టర్నేటర్ (అవసరాన్ని బట్టి వోల్టేజ్ మార్చుకునేది) ఉన్న బండి అయితే? రోడ్డు మీద ఒక్కోసారి వోల్టేజ్‌ని 12.5కి దించేస్తుంది. అప్పుడు నెమ్మదిగా కూడా ఎక్కదు.

అడిగినవారికి: డీసీ-డీసీ చార్జర్ కొంటే ట్రైలర్ బ్యాటరీ పక్కనే బిగించండి. 30 ఆంపియర్లిచ్చే చార్జర్ 12 వోల్టుల దగ్గర 40 దాకా లాగుతుంది కాబట్టి 16 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయండి. నెగటివ్‌కీ అదే మందం, హిచ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే భాగం) ఇనుము మీద వదిలేయొద్దు. ఫ్యూజు రెండు చివర్లా ఉండాలి, ఎందుకంటే రెండు వైపులా బ్యాటరీలే. మీది స్మార్ట్ ఆల్టర్నేటరో కాదో తెలియాలి కాబట్టి, ముందు మల్టీమీటర్ తగిలించి, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టి, అరగంట నడిపి బండి బ్యాటరీ వోల్టేజ్ ఇక్కడ రాయండి.