కొత్త ఫైర్ ఇంజన్ అడగాలా, ముందు ఖాళీలు నింపాలా?

ప్రశ్న (కొత్తగా బాధ్యత తీసుకున్న అధికారి):
ఇన్నాళ్లూ మంటలార్పే విధుల్లోనే ఉన్న నాకు ఇటీవల కొన్ని ఫైర్ స్టేషన్ల పరిపాలన బాధ్యత అప్పగించారు. వచ్చే ఏడాది బడ్జెట్ ప్రతిపాదనలు త్వరలోనే పంపవలసి ఉంది. ఘటనా స్థలానికి చేరే సగటు సమయం మా లెక్కల్లో బాగానే కనిపిస్తున్నా, ఆలస్యంగా వచ్చారన్న ఫిర్యాదులు ఆగడం లేదు. పై అధికారులు కొత్త ఫైర్ ఇంజన్ అడగమంటున్నారు. సిబ్బంది ముందు ఖాళీలు నింపమంటున్నారు. దేనికి ప్రాధాన్యం ఇవ్వాలో ఏ ఆధారంతో తేల్చుకోవాలో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా మనవి.

సమాధానం 1 (విశ్రాంత అగ్నిమాపక అధికారి):
ముందుగా సగటును పక్కన పెట్టండి. పది కాల్స్‌లో తొమ్మిదింటికి 4 నిమిషాల్లో చేరి, పదోదానికి 20 నిమిషాలు పట్టినా సగటు 5 నిమిషాల 36 సెకన్లే వస్తుంది. ఫిర్యాదు వచ్చేది ఆ పదో ఇంటి నుంచే. అందుకే అమెరికాలోని ఎన్‌ఎఫ్‌పీఏ (అగ్ని భద్రతా ప్రమాణాలు రూపొందించే సంస్థ) వారి 1710 ప్రమాణం సగటును కాక, నూటికి 90 సందర్భాల్లో లక్ష్యం నెరవేరిందా అన్నది చూస్తుంది. పూర్తికాలపు సిబ్బంది ఉన్న శాఖలకు అది అగ్నిప్రమాదాల్లో టర్న్‌అవుట్‌కు (బెల్ మోగాక బండి కదిలే దాకా పట్టే సమయానికి) 80 సెకన్లు, మొదటి ఇంజన్ ప్రయాణానికి 240 సెకన్లు లక్ష్యంగా పెట్టింది. ఆ అంకెలు అన్నిచోట్లా సాధ్యం కాకపోవచ్చు గాని, సమయాన్ని ముక్కలుగా విడదీసి కొలిచే పద్ధతి మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

కంట్రోల్ రూమ్ కాల్ అందుకున్న సమయం, స్టేషన్‌లో బెల్ మోగిన సమయం, బండి గేటు దాటిన సమయం, ఘటనా స్థలానికి చేరిన సమయం, ఈ నాలుగూ విడివిడిగా నమోదు చేయించి, స్టేషన్ల వారీగానూ షిఫ్టుల వారీగానూ పరిశీలించండి. బెల్ మోగాక బండి కదలడానికే మూడు నిమిషాలు పడుతున్న చోట, ఎంత కొత్త ఇంజన్ వచ్చినా ఆ మూడు నిమిషాల తరవాతే కదులుతుంది. అక్కడ చూడవలసింది గంబూట్లు, కోట్లు ఎక్కడ పెడుతున్నారు, రాత్రిపూట గేటు ఎవరు తెరుస్తున్నారు అన్నది. వీటిని సరిచేయడానికి పెద్దగా ఖర్చు ఉండదు. ప్రయాణమే ఎక్కువ సమయం తీసుకుంటే, రద్దీ వేళల్లో ఒక బండిని మరోచోట నిలిపి చూడవచ్చు. ఒకే సమయంలో రెండు కాల్స్ వచ్చి, రెండోదానికి దూరపు స్టేషన్ నుంచి పంపవలసిన పరిస్థితి తరచుగా ఎదురవుతుంటేనే కొత్త బండికి గట్టి ఆధారం ఉన్నట్టు.

సమాధానం 2 (కంట్రోల్ రూమ్ పర్యవేక్షకురాలు):
పై సమాధానంతో ఏకీభవిస్తూ ఒక మాట. కాల్ అందుకున్నాక చిరునామా తేల్చుకోవడానికే చాలా సమయం పోతుంది. వివరాలన్నీ పూర్తిగా రాసుకునే దాకా ఆగకుండా, స్థలం తెలియగానే బండిని బయలుదేరదీసి, మిగిలినవి వైర్‌లెస్‌లో చెప్పేలా ఆపరేటర్లకు శిక్షణ ఇప్పించండి.

సమాధానం 3 (శిక్షణ విభాగం):
ఈ చర్చలో లోపలికి వెళ్లే మనిషి మరుగున పడకూడదు. షిఫ్టు మారేటప్పుడు బీఏ సెట్లను (పొగలో ఊపిరి పీల్చుకోవడానికి వీపున తగిలించుకునే గాలి సిలిండర్ పరికరాలను) ఎలా పరీక్షిస్తున్నారో పక్కనే నిలబడి చూడండి. సిలిండర్ తెరిచి, గేజి చూసి రిజిస్టరులో టిక్కు పెట్టినంత మాత్రాన పరీక్ష పూర్తి కాదు. వాల్వు మూసి, ఒక నిమిషం పాటు ముల్లు దిగుతోందేమో గమనించాలి. తరవాత గాలిని మెల్లగా వదులుతూ, చాలా సెట్లలో 55 బార్ (గాలి పీడనపు కొలత) దరిదాపుల్లో మోగవలసిన హెచ్చరిక విజిల్ మోగుతోందో లేదో వినాలి. దట్టమైన పొగలో గేజి కనిపించనప్పుడు, ఇక బయటికి రమ్మని మనిషికి చెప్పేది ఆ విజిలే.

రెండో జత రక్షణ దుస్తులనూ ప్రతిపాదనలో తప్పక చేర్చండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మసి పట్టిన కోటు ఉతకడానికి వేస్తే తొడుక్కోవడానికి ఇంకొకటి లేనప్పుడు, శుభ్రత గురించి ఎన్ని ఉత్తర్వులిచ్చినా అవి అమలు కావు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఖాళీల విషయం ఆర్థిక విభాగానికి ఎలా నచ్చజెప్పాలి? షిఫ్టుల లెక్క వారికి అర్థం కావడం లేదు.

సమాధానం 1 (విశ్రాంత అధికారి):
గంటల్లో చెప్పండి. బండిలో ఒక సీటు రాత్రింబవళ్లు నిండి ఉండాలంటే వారానికి 168 గంటలు కావాలి. మనిషికి వారానికి 48 గంటల చొప్పున చూస్తే మూడున్నర మంది. సెలవులు, అనారోగ్యం, శిక్షణ కలిపితే నలుగురికి తగ్గదు. అంటే ఐదుగురు కూర్చునే బండికి కనీసం ఇరవై మంది. ఈ లెక్క చూపితే కొత్త ఇంజన్ వెంట వచ్చే జీతాల భారమెంతో వారికే అర్థమవుతుంది. దానితోపాటు, సిబ్బంది చాలక ఉన్న బండి ఏయే షిఫ్టుల్లో షెడ్డులోనే ఆగిపోయిందో తేదీలతో సహా జతచేయండి. ఆ జాబితా లేకుండా ఖాళీల ప్రతిపాదన పంపవద్దు.